మల్లన్న బాటలు: మరుగున పడుచున్న తీర్థమార్గములు



తీర్థమనగానే మనకు గుడి, కోనేరు, పుణ్యస్నానము స్ఫురించును. కాని ఆ శబ్దమునకు మూలార్థము వేరు. 'తౄ' అను ధాతువునకు దాటుట యని అర్థము. నదిని దాటుటకు అనువైన రేవే తీర్థము. బాటసారి ఏటి యొడ్డున ఆగును, స్నానమాచరించును, ఆవలి దరికి క్షేమముగా చేర్పుమని దైవమును వేడుకొనును. అట్టి తావులయందే కాలక్రమమున గుడులు వెలసినవి. కనుక పెక్కుచోట్ల గుడికంటె ముందు పుట్టినది బాటయే యనుట సాహసము కాదు.

పాలమూరు, నల్లగొండ సీమల దక్షిణపు అంచున కృష్ణవేణి ప్రవహించుచున్నది. ఆ యొడ్డు వెంబడి ఉన్న క్షేత్రములను ఒకసారి తలచుకొనుడు. తుంగభద్ర దరిని అలంపురము, దిగువకు కృష్ణ యొడ్డున జటప్రోలు, సోమశిల, ఇంకను దిగువకు ఏలేశ్వరము, మూసీనది కృష్ణలో కలియుచోట వాడపల్లి. ఇవి క్షేత్రములే కాదు, రేవులు కూడ. ఉత్తరమునుండి వచ్చిన బాటలు ఏటిని తాకిన తావులలో దైవము కొలువుదీరినాడు.

శ్రీశైలమునకు నాలుగు ద్వారములని పెద్దలు చెప్పుదురు. తూర్పున త్రిపురాంతకము, దక్షిణమున సిద్ధవటము, పడమట అలంపురము, ఉత్తరమున ఉమామహేశ్వరము. ఈ నాలుగింట రెండు మన పాలమూరివే. ద్వారమన్నంత మాత్రమున అచట తలుపులును గొళ్లెములును లేవు. క్షేత్రము ఆలయప్రాకారము వద్ద గాక, అనేక ఆమడల దూరమునందే ఆరంభమగుచున్నదని ఆ మాటకు తాత్పర్యము. ద్వారమునకు గర్భాలయమునకు నడుమనున్న దారియంతయు క్షేత్రములో భాగమే. ఈ ఒక్క సంగతి మనము మరచితిమి. గుడిని కాపాడినచో క్షేత్రమును కాపాడినట్లే యని తలచుచున్నాము.

అచ్చంపేట సమీపమున కొండచరియ క్రింద ఉమామహేశ్వరుడు వెలసియున్నాడు. పైనుండి బండ కప్పువలె వంగియుండును. రాతి నుండి ఊరు నీటిని భక్తులు పాపనాశనమని శిరస్సున చల్లుకొందురు. అక్కడినుండి దక్షిణముగా నల్లమల అడవి. నేటి రాజమార్గము మన్ననూరు, వటవర్లపల్లి, దోమలపెంటల మీదుగా కృష్ణ లోయలోనికి దిగి శ్రీశైలము చేరుచున్నది. కారులో కొన్ని గంటల ప్రయాణము. పూర్వము ఇది దినముల నడక. పులి భయము, దొంగల భయము, దాహము, జ్వరము. అందుచేతనే ఈ దారిని బాగుచేయుట గుడి కట్టించుటతో సమానమైన పుణ్యమని ప్రభువులు భావించిరి.

ఇచట చరిత్రలో ఒక ముచ్చటైన విషయమున్నది. 14వ శతాబ్దమున కొండవీటి రెడ్డి రాజులకు, రాచకొండ, దేవరకొండలనేలిన రేచర్ల పద్మనాయకులకు బద్ధవైరము. యుద్ధముల మీద యుద్ధములు. అట్లయ్యు ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలమునకు సోపానములు కట్టించెను. పద్మనాయక ప్రభువులును తమ వైపునుండి మెట్లు కట్టించిరని చరిత్రకారులు చెప్పుదురు. కత్తులు దూసికొన్న రెండు వంశములవారు ఒకే స్వామి వద్దకు చెరియొక దిక్కునుండి మెట్లు పేర్చిరి. నల్లగొండ సీమలోని రాచకొండ దుర్గము నేడు శిథిలము. వారి పౌరుషమునకంటె ఆ మెట్ల ఊహయే మనకు ఎక్కువ ఆప్తముగా తోచుచున్నది.

మెట్లు ప్రభువులు కట్టించినను, దారి చూపినవారు చెంచులు. మల్లన్నను వారు తమ అల్లునిగా తలచుచున్నారు. తమ ఆడబిడ్డను స్వామి పెండ్లాడినాడని వారి నమ్మిక. చెంచు మల్లయ్య యను పేరు దానినుండియే వచ్చినది. పూర్వకాలమున యాత్రికులను అడవి దాటించినది ఆ జనులే. ఏ వాగున ఏ మాసమున నీరుండునో, ఏ చెట్టు క్రింద రాత్రి గడపవచ్చునో వారికి తెలియును. ఆ తెలివి ఏ శాసనమునందును చెక్కబడలేదు. ఈ బాటను గూర్చి ఎవరైనను ఏదైనను చేయదలచినచో మొదట వారిని అడుగవలెను. వారిని అడవినుండి కదల్చి బాటను కాపాడితిమనుట, పుస్తకమును చించి అట్టను భద్రపరచుట వంటిది.

ఇక మనము పోగొట్టుకొన్నదేమో చూతము. 1955లో నాగార్జునసాగరమునకు శంకుస్థాపన జరిగెను. 1967లో కాలువలకు నీరు వదలిరి. ఆ జలములలో ఏలేశ్వరము మునిగినది. పిమ్మట శ్రీశైలము ఆనకట్ట వలన మరికొన్ని రేవులు మునిగినవి. కృష్ణా తుంగభద్రల సంగమమున కూడవెల్లియందున్న సంగమేశ్వరాలయమును విప్పి, రాళ్లకు అంకెలు వేసి, అలంపురమున మరల నిలిపిరి. జటప్రోలు, సోమశిల గుడులును ఎత్తైన తావులకు తరలినవి. అది మెచ్చదగిన పని. కాని గుడి తరలినది, రేవు తరలలేదు. రేవును విప్పి మరియొకచోట కట్టగల శిల్పి ఇంకను పుట్టలేదు. సంగమము లేని సంగమేశ్వరుని చూచినపుడు ఈ వెలితి ఎవరికైనను తెలియును. ప్రాజెక్టులను నిందించుట మా యుద్దేశ్యము కాదు. ఆ నీటితో పండిన అన్నమే మనము స్వామికి నివేదించుచున్నాము.

శివభక్తులు నడచిన బాటలు మాత్రమే కాదు. గోలకొండనుండి మచిలీపట్టణము రేవునకు పోవు ప్రాచీనమార్గము నల్లగొండ సీమను దాటియే సాగెను. 17వ శతాబ్దమున ఫ్రెంచి వజ్రవర్తకుడు తావెర్నియే గోలకొండ, మచిలీపట్టణముల నడుమ ప్రయాణించి తన యాత్రలను గ్రంథస్థము చేసెను. అంతకు ఎన్నియో శతాబ్దములకు పూర్వమే రోమను వర్తకుల ధనము ఈ సీమను చేరినది. నల్లగొండ సీమలోని అక్కెనపల్లియందు వెయ్యికి పైబడి రోమను వెండి నాణేలు దొరకినవి. సూర్యాపేట సమీపమునందలి ఫణిగిరి బౌద్ధక్షేత్రమున 2024లో ఒక కుండలో 3,730 సీసపు నాణేలు బయల్పడినవి. భిక్షువు, వర్తకుడు, జంగమదేవర ఒకే బాటపై నడచిరి. బాటకు మతభేదము లేదు.

పాత బాటను గుర్తించుట ఎట్లని మీరడుగవచ్చును. గుడిని చూడగనే గుర్తింతుము, బాటను గుర్తింపలేము. అది ఒక్క వస్తువు గాదు, ఒక వరుస. దిగుడుబావి, కొంతదూరమున నాలుగు కాళ్ల మండపము, ఊరి పొలిమేరన ఆంజనేయుడు, వీరగల్లు, పాత చింతల సాలు, బండపై బండిచక్రముల గాడి. విడివిడిగా చూచిన ఇవి పనికిరాని రాళ్లు. వరుసగా చూచిన ఒక మార్గము. గ్రామ నక్షలలో బండ్ల బాటగా గీయబడిన తొవ్వలు కొన్ని ఇట్టివే. వాటిని ఇరుపక్కల దున్ని చేనులో కలుపుకొనుచున్నారు. గుప్తనిధుల ఆశతో దుండగులు వీరగల్లులను, నందులను పెకలించుచున్నారు. రోడ్డు వెడల్పు చేయునాడు మండపము ఒక్కపూటలో మాయమగును. దాని పేరు ఏ జాబితాలోను లేదు గనుక అడుగువారుండరు.

చట్టముండవచ్చును గదా యందురు. 1958 నాటి కేంద్ర చట్టము రక్షిత కట్టడములను కాపాడుచున్నది. 2010 సవరణ వాటి చుట్టు 100 మీటర్ల మేర నిర్మాణములను నిషేధించినది. అలంపురము గుడులకు ఆ రక్షణ కలదు. ఆ 100 మీటర్లు దాటిన పిదప, అలంపురమునుండి శ్రీశైలము వరకు గల దారికి ఏ కంచె కలదు? చట్టము చుక్కలను చూచినది, చుక్కలను కలుపు గీతను చూడలేదు.

ఆ గీతను చూచిన దేశములు కొన్ని కలవు. స్పెయినులోని సంత్ యాగో క్షేత్రమునకు పోవు కాలిబాటలను 1987లో ఐరోపా మండలి సాంస్కృతిక మార్గముగా ప్రకటించినది. జపానులో కుమనో పుణ్యక్షేత్రముల అడవిబాటలు 2004లో ప్రపంచ వారసత్వ సంపదగా నమోదైనవి. 2008లో ఇకోమాస్ అను అంతర్జాతీయ సంస్థ సాంస్కృతిక మార్గముల కొరకు ఒక నియమావళిని ఆమోదించినది. ఆ దేశముల యాత్రికులు నేటికిని ఆ దారుల నడచుచున్నారు. నడచువారున్నంత కాలమే బాట బాట.

మనవారును నడచుట మానలేదు. శివరాత్రికి, ఉగాదికి మల్లన్న చెంతకు కాలినడకన పోవువారిని నేటికిని చూచుచున్నాము. చైత్రపూర్ణిమకు నల్లమలలోని సలేశ్వరమునకు లోయ దిగి వేలాది జనులు పోవుచున్నారు. వారు పోయిన పిమ్మట ఆ లోయలో మిగులు ప్లాస్టిక్ సీసాలను తలచుకొన్న మనస్సు కలత చెందును. అడవి యధికారులు నియమములు విధించినపుడు మనము విసుగుకొందుము. నిజమునకు ఆ నియమములకు కారకులము మనమే.

ఈ సంవత్సరము యాత్రకు బయలుదేరు భక్తులను మేము కోరునది కొంచెమే. మీ ఊరిలో ఎనుబదియేండ్లు దాటిన పెద్దలుందురు. వారి తాతలు శ్రీశైలమునకు ఏ దారిన పోయిరో, మొదటి రాత్రి ఎచట విడిసిరో, ఏ బావి నీరు త్రాగిరో అడిగి ఒక కాగితముపై వ్రాసికొనుడు. గ్రామ నక్షలో ఆ బాట యున్నదేమో సరిచూచుకొనుడు. ఉన్నచో దానిపై ఏ బావి, ఏ మండపము మిగిలియున్నదో ఒకదినము నడచి చూచి, ఆ వివరములను పంచాయతీకి, పురావస్తు శాఖకు వ్రాతపూర్వకముగా తెలుపుడు. బావిలో పూడిక యున్నచో పదిమంది కలిసి తీయవచ్చును. వేసవిలో ఆ తావుననే చలివేంద్రము పెట్టినచో మరల ఆ దారిన జనము ఆగుదురు.