మొదటి ఏడాది వాయిదా ఎవరిది?

"వినియోగదారుణ్ని కాపాడేది స్వేచ్ఛా మార్కెట్టా, నియంత్రణా? కోల్‌కతా మీద రాయి, గురువారం రాత్రికి కావాలి" అన్నారు ఎడిటర్. కోల్‌కతా అనగానే అందరికీ గుర్తొచ్చేది 2013 నాటి శారదా డిపాజిట్ల కుంభకోణమే. నేనూ అక్కడే మొదలుపెట్టాను. కానీ పాత కాగితాలు తిరగేస్తుంటే 1987 మే 15 నాటి రిజర్వు బ్యాంకు ఆదేశాలు కనబడ్డాయి. ఇక వాటిని వదల్లేకపోయాను.

అవి ముఖ్యంగా తగిలింది పీర్‌లెస్ అనే పొదుపు కంపెనీకి. కోల్‌కతా ఎస్‌ప్లనేడ్‌లో దాని భవనం ఉంది. ఏజెంటు ఇంటికొచ్చి వాయిదా కట్టించుకునేవాడు. కట్టేవాళ్లు ఎక్కువగా చిన్న జీతగాళ్లు, పల్లెటూరి వాళ్లు. గడువు తీరాక అసలుతో పాటు కొంత కలిపి ఇచ్చేవాళ్లు. మధ్యలో కట్టలేకపోతే నష్టపోయేది వాళ్లే.

అసలు కిటుకు కంపెనీ పద్దుల్లో ఉంది. మొదటి ఏడాది కట్టిన సొమ్ములో చాలా భాగాన్ని, తిరిగివ్వాల్సిన అప్పుగా కాక, సొంత ఆదాయంగా రాసుకునేది. ఏజెంట్ల కమిషన్లు, ఆఫీసు ఖర్చులు అందులోంచే. మరి ఆ డబ్బు మళ్లీ ఎక్కణ్నుంచి రావాలి? కొత్తగా చేరేవాళ్ల దగ్గర్నుంచే.

రిజర్వు బ్యాంకు సరిగ్గా అక్కడే వేలు పెట్టింది. కట్టించుకున్న ప్రతి రూపాయినీ అప్పుగానే చూపాలి. అంత సొమ్మూ బ్యాంకుల్లో, ప్రభుత్వ పత్రాల్లో, ఆమోదించిన మదుపుల్లో ఉండాలి. ఏటా కనీసం 10 శాతం రాబడి ఇవ్వాలి. వాయిదా తప్పినంత మాత్రాన కట్టినది జప్తు చేయకూడదు. ఇలాగైతే కమిషన్లు ఇవ్వలేం, మూతపడతాం అని కంపెనీ కోర్టుకెక్కింది. 1992లో సుప్రీంకోర్టు ఆదేశాలనే నిలబెట్టింది. పీర్‌లెస్ మూతపడలేదు. ఈ తరహా కంపెనీలనే రిజర్వు బ్యాంకు క్రమంగా ఆపించేదాకా నడిచింది, అడిగినవాళ్లకు డిపాజిట్లు తిరిగి చెల్లించింది.

మంచి కంపెనీని జనమే ఎంచుకుంటారు, చెడ్డది దానంతటదే పోతుంది అంటారు మార్కెట్ పక్షం వాళ్లు. కూరగాయల బండి దగ్గర ఆ మాట నేనూ ఒప్పుకుంటాను. పుచ్చు వంకాయ కంటికి కనబడుతుంది. కంపెనీ పద్దులో మొదటి ఏడాది వాయిదాను ఏ గడిలో రాశారో పల్లెలో పాలమ్ముకునే మనిషికి ఎలా కనబడుతుంది? ఆ మనిషికి కనబడేది ఏజెంటు మొహం ఒక్కటే.

చరిత్ర రెండు ముక్కల్లో: పీర్‌లెస్ 1932లో నారాయణ్‌గంజ్‌లో బీమా కంపెనీగా పుట్టింది, 1956లో జీవిత బీమా జాతీయమయ్యాక పొదుపు పథకాలకు మళ్లింది. ప్రైజ్ చిట్లను నిషేధించే చట్టం 1978లో వచ్చింది. 1980లో, ఎక్కువ వడ్డీ ఆశచూపి డిపాజిట్లు తీసుకున్న కోల్‌కతా సంస్థ సంచయిత కుప్పకూలింది. పీర్‌లెస్ పథకం 1978 చట్టం కిందికి రాదని 1987 జనవరిలో తీర్పు రాసింది మన ఆంధ్ర హైకోర్టు నుంచి సుప్రీంకోర్టుకు వెళ్లిన జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి. ఇలాంటి కంపెనీలకు పగ్గం మాత్రం అవసరమనీ ఆయనే చెప్పారు. నాలుగు నెలల్లో పగ్గం వచ్చింది.

శారదా విషయంలో రాలేదు. బెంగాల్ ఆర్థిక నేరాల విభాగం 2010లోనే మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీకి రాసింది. మూడేళ్లు ఉత్తరాలతో గడిచాయి. ఈలోగా 2011 డిసెంబరులో కేంద్రం పోస్టాఫీసు పొదుపు ఏజెంట్ల కమిషన్ చాలావరకు తగ్గించింది, కొన్ని పథకాలకు ఎత్తేసింది. శారదా ఏమో నూటికి పాతిక రూపాయల పైనే ఇచ్చేది. ఏజెంటు ఎటు నడుస్తాడు? డబ్బు తిరిగివ్వమని సెబీ ఆదేశమిచ్చింది 2013 ఏప్రిల్ 23న. శారదా అధిపతి సుదీప్త సేన్‌ను కశ్మీర్‌లోని సోన్‌మార్గ్‌లో పట్టుకున్నదీ అదే రోజు. దాదాపు 17 లక్షల మంది మునిగారు. వేళకు రాని నియంత్రణ కూడా మోసగాడికే పనికొస్తుంది. అయినా నా ఓటు నియంత్రణకే, 1987 మేలో వచ్చినట్టు వస్తే.

బాక్సు: చిట్ ఫండ్ అంటే?
బెంగాల్లో ఈ మాట మోసానికి మారుపేరైపోయింది. మన చీటీ వేరు. అది 1982 చట్టం కింద రిజిస్ట్రారు దగ్గర నమోదవుతుంది, నడిపేవాళ్లు ముందే హామీ సొమ్ము పెట్టాలి. శారదా అసలు చీటీయే కాదు. మన విజయవాడ అగ్రిగోల్డ్ కూడా కాదు; అక్కడ 32 లక్షల ఖాతాల్లో చిక్కుకున్నది సుమారు 6,380 కోట్లు.

బాక్సు: మీ ట్రంకుపెట్టె చూడండి
ఏళ్ల తరబడి ఎవరూ అడగని 1,514 కోట్ల రూపాయల డిపాజిట్ సొమ్మును పీర్‌లెస్ 2018లో కేంద్రం నడిపే ఐఈపీఎఫ్ నిధికి జమచేసింది. అందులో సగానికి పైగా సర్టిఫికెట్లు రెండు వేల రూపాయల లోపువే. మీ నాన్నగారి పాత కాగితాల్లో పీర్‌లెస్ సర్టిఫికెట్ ఉంటే పారేయకండి. ఆన్‌లైన్‌లో ఐఈపీఎఫ్-5 ఫారం నింపి అడగండి.