సింక్రనస్ అంటే ఏకకాలమేనా?

కంప్యూటర్ శాస్త్రం చదివే విద్యార్థులను, అందులోనూ నిఘంటువు తెరిచి చూసే మంచి అలవాటున్న వారిని, తికమక పెట్టే జంట పదాలలో సింక్రనస్, అసింక్రనస్ అనేవి ముందు వరసలో ఉంటాయి. గ్రీకులో ‘సిన్’ అంటే కూడ, ‘ఖ్రోనోస్’ అంటే కాలం. కనుక సింక్రనస్ అంటే ఒకే కాలంలో జరిగేది. నిషేధార్థకమైన ‘అ’ చేరితే అలా జరగనిది. ఇంతవరకు బాగానే ఉంది. తీరా ప్రోగ్రామింగు పుస్తకం తెరిస్తే వ్యవహారం తలకిందులుగా కనిపిస్తుంది. సింక్రనస్ పద్ధతిలో పనులు ఒకదాని తరవాత ఒకటి నడుస్తాయనీ, అసింక్రనస్ పద్ధతిలో ఒక పని ముగియకముందే మరొకటి సాగుతుందనీ అక్కడ రాసి ఉంటుంది. ఏకకాలంలో జరగని దానికి ఏకకాలికమనే పేరెలా వచ్చింది?

మన పాఠకులలో చాలామంది బడిలో కన్నడమో, తమిళమో, ఒడియానో, మరాఠీనో చదువుకొని, కళాశాలలో ఇంగ్లీషు విని, ఇంట్లో తెలుగు మాట్లాడేవారు. కొత్త మాట వినగానే మనసులో దాన్ని ఇంటి భాషలోకి తిప్పుకోవడం వారికి సహజం. ఈ మాటను ‘ఏకకాలిక’ అని తిప్పుకొన్నవారు పరీక్షలో సరిగ్గా వ్యతిరేకమైన జవాబు రాసే ప్రమాదం ఉంది. అదే ఇంటి తెలుగు ఈ చిక్కును విప్పడానికి కూడా పనికివస్తుంది. ఈ రెండు వాక్యాలు చూడండి.

తమ్ముడి చేత కాఫీపొడి తెప్పించి, అమ్మ పాలు పొయ్యి మీద పెట్టింది.

తమ్ముణ్ణి కాఫీపొడి తెమ్మని పంపి, అమ్మ పాలు పొయ్యి మీద పెట్టింది.

రెండింటిలోనూ ఉన్నది క్త్వార్థకమే. అయినా మొదటి వాక్యంలో పొడి ఇంటికి చేరిన తరవాతగాని పాలు పొయ్యి ఎక్కలేదు. రెండో దానిలో తమ్ముడు దారిలో ఉండగానే పాలు కాగుతున్నాయి. ‘తెప్పించి’ అన్నప్పుడు పూర్తయినది తేవడం. ‘పంపి’ అన్నప్పుడు పూర్తయినది పంపడం మాత్రమే. ప్రోగ్రామరు మొదటిదాన్ని సింక్రనస్ పిలుపు అంటాడు, రెండోదాన్ని అసింక్రనస్ పిలుపు అంటాడు. తమ్ముడు గుమ్మంలోకి వచ్చి “అమ్మా, తెచ్చాను” అని కేక వేస్తే అది కాల్‌బ్యాక్. అమ్మే మాటిమాటికీ వీధిలోకి తొంగి చూస్తుంటే పోలింగ్. పాలు కాగాక ఇక చేసే పని లేక పొడి కోసం ఆగితే అది, ఈనాటి చాలా ప్రోగ్రామింగు భాషలలో కనిపించే ‘అవెయిట్’.

ఇప్పుడు పేరు సంగతి. మొదటి వాక్యంలో అమ్మ పని, తమ్ముడి పని ఏకకాలంలో జరగలేదు. కాని అమ్మ గడియారం తమ్ముడి గడియారానికి ముడిపడి ఉంది. అతని పని ముగిసిన క్షణమే ఆమె పని మొదలయ్యే క్షణం. ఆ కలయికే ఇక్కడ ‘సిన్’. రెండో వాక్యంలో ఆ ముడి లేదు. ఎవరి కాలం వారిది. కాబట్టి ఈ పదం ఎదురైనప్పుడల్లా ‘ఒకేసారా, కాదా’ అని గాక, ‘ఎవరి కాలం ఎవరి కాలానికి ముడిపడింది, దేనితో ముడిపడింది’ అని అడగాలి. శాస్త్ర శాఖ మారితే ఈ ప్రశ్నకు జవాబు మారుతుంది. గందరగోళానికి మూలం అదే.

హార్డ్‌వేరు వారికి ముడి వేసేది క్లాకు. సర్క్యూటులోని భాగాలన్నీ ఒకే క్లాకు దెబ్బకు అడుగు వేస్తే అది సింక్రనస్. తంతులో సమాచారం పంపేవారిది ఇంకో లెక్క. పాత టెలిప్రింటర్ల నాటినుంచి వస్తున్న పద్ధతిలో పంపేవాడూ అందుకొనేవాడూ క్లాకును పంచుకోరు. ప్రతి అక్షరానికీ ముందొక స్టార్ట్ బిట్టు, చివర ఒక స్టాప్ బిట్టు చేరుస్తారు. 8 బిట్ల అక్షరానికి మొత్తం 10 బిట్లు పోతాయి. సెకనుకు 9600 బిట్లు నడిచే తీగపై 960 అక్షరాలే చేరుతాయి. దీనికి అసింక్రనస్ అని పేరు. చమత్కారమేమంటే, ఇందులోనూ కాలం పూర్తిగా విడిపోలేదు. స్టార్ట్ బిట్టు కనబడగానే అందుకొనేవాడు తన గడియారంతో లెక్కపెట్టుకొంటూ ఒక్కొక్క బిట్టు నడిమధ్యన చూస్తాడు. చివరి బిట్టు మధ్యకు వచ్చేసరికి 9.5 బిట్ల కాలం గడుస్తుంది. అప్పటికి అర బిట్టు తేడా వస్తే లెక్క తప్పుతుంది. అంటే రెండు గడియారాల మధ్య తేడా సుమారు 5 శాతం దాటకూడదు. ఒక్క అక్షరం మేరకు ఇది సింక్రనస్సే. అక్షరానికీ అక్షరానికీ నడుమ ఎంత ఎడమైనా ఉండవచ్చు గనుక అసింక్రనస్.

యూనిక్స్ వంటి వ్యవస్థలలో ఫైలు రాసే ‘రైట్’ పిలుపును తీసుకొంటే ఒకే పనికి రెండు పేర్లూ వర్తిస్తాయి. ఆ పిలుపు ముగిసేదాకా ప్రోగ్రాము ఆగుతుంది కనుక అది సింక్రనస్. కాని సాధారణంగా ఆ పిలుపు ముగిసేటప్పటికి సమాచారం కెర్నెల్ జ్ఞాపకంలోకి మాత్రమే చేరి ఉంటుంది. డిస్కు మీదికి తరవాత ఎప్పుడో వెళుతుంది. డిస్కు వైపునుంచి చూస్తే అది అసింక్రనస్. ఈలోగా కరెంటు పోతే, ‘రాశాను’ అని ప్రోగ్రాము నమ్మిన సమాచారం పోతుంది. డిస్కు చేరేదాకా ఆగమని చెప్పాలంటే ఫైలు తెరిచేటప్పుడు ‘ఓ_సింక్’ అనే గుర్తు పెట్టాలి, లేదా ‘ఎఫ్‌సింక్’ అని వేరే పిలవాలి. బ్యాంకు లెక్కలు, ఆసుపత్రి రికార్డులు దాచే ప్రోగ్రాములు రాసేవారు ఈ రెండు అర్థాలను కలిపేస్తే నష్టం నిఘంటువుతో ఆగదు.

అసింక్రనస్ అంటే సమాంతరం అనుకోవడం మరో పొరపాటు. వెబ్ పేజీలలో వాడే జావాస్క్రిప్టు మామూలుగా ఒక్క దారంతోనే నడుస్తుంది. ఒక క్షణంలో అది చేసేది ఒక్క పనే. అయినా 2005లో వ్యాప్తిలోకి వచ్చిన ‘ఎజాక్స్’ అనే పేరులోని తొలి అక్షరం అసింక్రనస్‌దే. సర్వరు జవాబు కోసం పేజీ బిగుసుకుపోకుండా, వాడేవారి నొక్కులకు స్పందిస్తూ ఉంటుందని దాని భావం. పై ఉదాహరణలో ఇంట్లో ఉన్నది అమ్మ ఒక్కతే. ఆమెకు చేతులు పెరగలేదు, ఖాళీగా నిలబడడం తగ్గిందంతే.

పలు యంత్రాలు కలిసి పనిచేసే వ్యవస్థల సిద్ధాంతంలోనైతే క్లాకూ కాదు, ఆగడమూ కాదు. సందేశం చేరడానికి గరిష్ఠంగా ఇంత సమయమని హద్దు తెలిస్తే సింక్రనస్, తెలియకపోతే అసింక్రనస్. ఫిషర్, లించ్, పాటర్సన్ 1985లో ప్రచురించిన ప్రసిద్ధ ఫలితం ఈ అర్థాన్నే ఆధారం చేసుకొంది. పూర్తిగా అసింక్రనస్ అయిన వ్యవస్థలో ఒక్క యంత్రం ఆగిపోయే అవకాశమున్నా, అన్నీ తప్పక ఏకాభిప్రాయానికి వస్తాయని హామీ ఇచ్చే నిర్ణీత పద్ధతి ఏదీ ఉండదని వారు నిరూపించారు. జవాబు రాని యంత్రం చచ్చిందో, ఆలస్యమైందో తేల్చుకొనే వీలు లేకపోవడమే ఆ చిక్కు.

ఇక తెలుగు మాట. సెల్‌ఫోన్ల తెలుగు తెరలలో ‘సమకాలీకరణ’ అని చూస్తున్నాం. నన్నయ, రాజరాజనరేంద్రుడు సమకాలికులు అని చదివిన చెవికి అది కొంచెం ఎబ్బెట్టుగానే ఉంటుంది. తమిళం ‘ఒత్తిసైవు’ అంటుంది. అందులో కాలం ఊసు లేదు, పొందిక ఉంది. ఈ విషయంలో తమిళుల దారే మెరుగని నా అభిప్రాయం. అన్ని అర్థాలకూ ఒకే తెలుగు మాట బిగించడం కంటే, క్లాకు సందర్భంలో ‘ఒకే లయ’, పిలుపుల సందర్భంలో ‘ఆగే పిలుపు, ఆగని పిలుపు’, సందేశాల సందర్భంలో ‘గడువున్న వ్యవస్థ, గడువులేని వ్యవస్థ’ అని విడివిడిగా అనుకొంటే పని జరుగుతుంది. పరీక్ష కాగితంలో మాత్రం సింక్రనస్ అనే రాయండి. పక్కనే అది ఏ అర్థంలోనో ఒక్క వాక్యం చేర్చండి.