అరుగుమీది రణరంగం

వేంపల్లెలో మా తాతగారి ఇంటి వీధి అరుగుకు పరచిన కడప బండలలో ఒకదానిమీద ఒక పటం చెక్కి ఉండేది. పైన ఒక కొన. ఆ కొననుండి క్రిందికి విచ్చుకొని దిగే నాలుగు గీతలు. వాటిని అడ్డంగా కోసే మూడు గీతలు. ఆ మూడింటి చివరలను రెండు ప్రక్కలా కలుపుతూ ఒక్కొక్క నిలువు గీత. అన్నిటికీ అడుగున ఒక పాదరేఖ. గీతలు కలిసే చోట్లు మొత్తం 23. ఇదే పులిజూదం, లేక పులి-మేక ఆట. దక్షిణదేశంలోని పాత దేవాలయ మండపాలలో రాతిమీద చెక్కిన ఇటువంటి పటాలను శ్రోతలలో చాలామంది చూచే ఉంటారు.

ఆట మీరెరిగినదే. అయినా ఒకసారి చెప్పుకొందాము. ఒకరివి 3 పులులు, ఒకరివి 15 మేకలు. మేకలవాడు తన వంతు వచ్చినప్పుడెల్లా ఒక్కొక్క మేకను పటంమీద ఉంచుతాడు. పదిహేనూ దిగేవరకు అవి కదలరాదు. పులులు మాత్రం మొదటినుండి తిరుగుతూనే ఉంటాయి. పులి ప్రక్కన మేక ఉండి, దాని వెనుక అదే గీతమీద చోటు ఖాళీగా ఉంటే, పులి దానిమీదుగా దూకి తినివేస్తుంది. మేక పులిని తినలేదు. మేకలకున్న ఆయుధం ఒక్కటే, ఒకదాని వెనుక ఒకటి చేరి సందు లేకుండా నిలబడటం. పులులకు కదలటానికి చోటు లేకుండా చేస్తే మేకలు గెలిచినట్లు. రెండు పక్షాలకు బలం వేరు, నియమం వేరు, గెలుపు అనే మాటకు అర్థం కూడ వేరు.

చిన్ననాట నేను ఎప్పుడూ పులులే కావాలని పట్టుబట్టేవాణ్ణి. పులులతో ఆడి ఓడినప్పుడు తాతగారు రాళ్లు, చింతగింజలు అటుదిటు మార్చి, “పులి యాడ తప్పు చేసిందో తెలియల్లంటే, ఒగసారి మేకల పక్క కూర్చోవల్ల నాయనా” అనేవారు. నేను అలిగేవాణ్ణి. కాని ఆ ప్రక్కన కూర్చున్న తరువాతనే, పులి ఏ మూలకు పోతే చిక్కుకొంటుందో నాకు కనిపించేది. ఆ మాటలోని సారమే ఈనాటి ప్రసంగానికి విషయం.

ఈనాడు లోకంలో లక్షలాదిమంది సాయంకాలం ఒక బల్ల చుట్టూ చేరి ఆడుకొనే ఒక వినోదమున్నది. దానికి రెండు శాఖలు. వేలెడంత సైనికుల బొమ్మలను బల్లమీద నిలిపి నియమాల ప్రకారం పోరాడించటం ఒకటి. దానిని యుద్ధక్రీడ అందాము. ఒక్కొక్కరు ఒక్కొక్క కల్పిత వ్యక్తి పాత్ర ధరించి, మాటలతోనే కథ నడుపుకొనటం రెండవది. దానిని పాత్రధారణ క్రీడ అందాము. ఇవి పులిజూదంనుండి పుట్టినవి కావు. కాని ఎదుటివాని చోట కూర్చొని చూడటమన్న గుణంలో దానికి దగ్గరి చుట్టాలు.

వీటి పుట్టుకను వెదుకుతూ పోతే మనదేశపు చతురంగం దగ్గరకే చేరుతాము. ఏనుగులు, గుఱ్ఱాలు, రథాలు, కాల్బలం అనే నాలుగు అంగాల సేనను గళ్లమీదికి దించిన ఆట అది. 7వ శతాబ్దిలో బాణభట్టు హర్షచరితంలో దానిని ప్రస్తావించాడు. అది పారశీకానికి, అరబ్బుదేశాలకు, ఐరోపాకు పోయి ఈనాటి చదరంగమైనది. చదరంగంలో ఇరువైపుల బలం సమానం. నేల చదును. ఎదుటివాని పావులన్నీ కంటికి కనిపిస్తూనే ఉంటాయి. నిజమైన యుద్ధంలో ఈ మూడింటిలో ఒక్కటీ ఉండదు.

ఈ లోపాన్ని తీర్చటానికి ప్రష్యా దేశంలో తండ్రీకొడుకులు పూనుకొన్నారు. రైస్‌విట్జ్ అనే ప్రభువు 1812లో కొండలు, వాగులు, ఊళ్లు మలచిన పలకలతో కూడిన ఒక ఆటబల్లను తన రాజుకు సమర్పించాడు. సైనికాధికారి అయిన ఆయన కుమారుడు 1824లో ఆ ఆటను పటాలమీద ఆడుకొనేటట్లు సంస్కరించి నియమాలు ప్రకటించాడు. పటంమీద ఒక సెంటీమీటరు నేలమీద 80 మీటర్లు. ఒక్కొక్క వంతు రెండు నిమిషాల కాలం. నష్టమెంతో పాచికలు తేలుస్తాయి. అన్నిటికన్న ముఖ్యమైనది, ఇరుపక్షాలకు నడుమ ఒక మధ్యస్థుడున్నాడు. ఆటగాళ్లు తమ ఆజ్ఞలను ఆయనకు తెలుపుతారు. వారి సైన్యానికి నిజంగా కనిపించే దానిని మాత్రమే ఆయన వారికి చెబుతాడు. కొండ వెనుక శత్రువు ఉన్నాడా లేడా అన్నది ఆటగాడు ఊహించుకొనవలసిందే. ప్రష్యా సేనాధిపతులు దీనిని వినోదంగా గాక విద్యగా గ్రహించి అధికారుల శిక్షణలో చేర్చారు. 1876లో వెర్డి దు వెర్నువా అనే సేనాని, లెక్కల పట్టికలను తగ్గించి అనుభవజ్ఞుడైన మధ్యస్థుని తీర్పుకే విలువ ఇవ్వాలని వాదించాడు. ఈ మధ్యస్థుని శ్రోతలు గుర్తుంచుకొనవలె. ఆయన మళ్లీ వస్తాడు.

సైనికుల విద్యను ఇంటి వినోదంగా మార్చినవారిలో ముఖ్యుడు ఆంగ్ల రచయిత హెచ్. జి. వెల్స్. 1913లో ఆయన బొమ్మ సైనికులతో ఆడే యుద్ధాలకు నియమాలు వ్రాసి పుస్తకంగా అచ్చువేశాడు. స్ప్రింగుతో కొయ్యముక్కలను విసిరే బొమ్మ ఫిరంగులు, పుస్తకాలు పేర్చి చేసిన కొండలు, గదిలో నేలమీద మోకరించిన పెద్దమనుషులు, ఇదీ ఆ ఆట. ఆ పుస్తకం చివర ఆయన తేల్చిన మాట యుద్ధానికి వ్యతిరేకమైనది. బొమ్మలతో ఆడి చూచినవానికే అసలు యుద్ధం ఎంత మూఢకార్యమో తెలుస్తుందని ఆయన భావం. మరుసటి సంవత్సరమే, 1914లో, మొదటి ప్రపంచయుద్ధం ఆరంభమైనది.

ఇక రెండవ శాఖ. 1969లో అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో డేవిడ్ వెస్లీ అనే యువకుడు తన మిత్రులకు ఒక యుద్ధక్రీడను సిద్ధం చేశాడు. ఆ యుద్ధానికి నడుమ చిక్కిన ఒక కల్పిత పట్టణంలో ఒకరిని మేయరుగాను, ఒకరిని బ్యాంకు యజమానిగాను, ఒకరిని విశ్వవిద్యాలయాధిపతిగాను నియమించాడు. దళాలకు ఆజ్ఞలిచ్చే చేయి ఇప్పుడు ఒక్క మనిషి బ్రతుకును నడపవలసి వచ్చినది. ఆ మిత్రులలో డేవ్ ఆర్నెసన్ ఒకడు. అతడు ఈ పద్ధతిని ఒక కల్పిత రాజ్యానికి విస్తరింపజేశాడు. విస్కాన్సిన్ రాష్ట్రంలోని లేక్ జెనీవా అనే చిన్న ఊరిలో గారీ గైగాక్స్ అప్పటికే మధ్యయుగపు యుద్ధక్రీడకు నియమాలు ప్రకటించి ఉన్నాడు. ఇద్దరూ కలిసి 1974లో ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అనే ఆటను వెలువరించారు. నేలమాళిగలు, రెక్కల ఘటసర్పాలు అని దాని అర్థం. ఒక పెట్టెలో మూడు చిన్న పుస్తకాలు, తొలి ముద్రణ 1000 ప్రతులు. పాత్రధారణ క్రీడలన్నిటికీ అదే మూలమైనది.

ఆడే విధానమేమిటి? రేడియో నాటకం వినేవారికి ఇది సులభంగా బోధపడుతుంది. తెర లేదు, రంగస్థలం లేదు. మాట విని మనస్సులో దృశ్యం కట్టుకొంటాము. ఈ ఆటలో తేడా ఏమంటే, పాత్రల మాటలు ముందుగా వ్రాసి ఉండవు. ఒకరు సూత్రధారి. ప్రష్యా మధ్యస్థుడే ఇక్కడ ఈ వేషంలో తిరిగి వచ్చాడు. మిగిలినవారు తలకొక పాత్ర.

మన సీమలోనే ఒక ఉదాహరణ కల్పించుకొందాము. వేంపల్లెకు దగ్గరలో పాపఘ్ని నది కొండలను చీల్చుకొని వచ్చే చోటు గండి. వీరాంజనేయస్వామి క్షేత్రం అక్కడిదే. సూత్రధారి ఇలా ఆరంభిస్తాడు: “రెండువందల ఏండ్ల నాటి మాట. ప్రొద్దు క్రుంకుతున్నది. మీ బండి ఏటి ఇసుకలో సగం దూరం వచ్చినది. ఎగువన ఉరుము వినిపించినది. చక్రాల క్రింద ఇసుక తడి అవుతున్నది. ఏమి చేస్తారు?” బండి తోలే వర్తకుడు సరుకు విడిచి రానంటాడు. ఊరి కావలికాడు ఎడ్లను విప్పి ఒడ్డుకు తోలుదామంటాడు. మూలికలు తెలిసిన వైద్యురాలు బండిలో జ్వరంతో పడుకొన్న పిల్లవాణ్ణి ముందు ఎత్తుకొంటానంటుంది. సూత్రధారి ఎవరినీ తప్పుపట్టడు. ఎవరేమి చేస్తే ఏమవుతుందో న్యాయంగా చెప్పటమే ఆయన పని.

ఫలితం నిశ్చయంగా చెప్పలేని చోట పాచికలు వేస్తారు. విదేశాలలో 4 ముఖాలనుండి 20 ముఖాలదాకా రకరకాల పాచికలున్నాయి. మనకు అవి లేకున్నా లోటు లేదు. అష్టాచెమ్మాకు వాడే చింతబద్దలు నాలుగు చాలు. చింతగింజను రెండుగా చీల్చితే ఒక ప్రక్క తెలుపు, ఒక ప్రక్క నలుపు. తెలుపు, నలుపు సమానంగా పడతాయనుకొంటే, నాలుగు బద్దలు పడే విధాలు 16. రెండుగాని అంతకుమించిగాని తెల్లగా పడే విధాలు 11. మూడుగాని అంతకుమించిగాని పడేవి 5. నాలుగూ తెల్లగా పడేది 1 మాత్రమే. కాబట్టి ఆలోచించి చేసిన పనికి రెండు తెలుపులు చాలునని, తొందరపాటు పనికి మూడు కావాలని, అసాధ్యమనిపించేదానికి నాలుగూ కావాలని సూత్రధారి నిర్ణయించవచ్చు. వివేకానికి అదృష్టంలో ఎంత వాటా ఇవ్వాలో పిల్లలకు ఇంతకన్న తేటగా చెప్పే లెక్కల పాఠం నేనెరుగను.

ఈ ఆటలలో పాత బాణీ, కొత్త బాణీ అని భేదమున్నది. కాలక్రమాన నియమాల పుస్తకాలు పెరిగి, ప్రతి పనికీ ఒక అంకె, ప్రతి పాత్రకూ ఒక పెద్ద చిట్టా వచ్చినవి. 2000 తరువాతి సంవత్సరాలలో కొందరు ఆటగాళ్లు వెనుకకు తిరిగి 1970ల నాటి సరళమైన పద్ధతిని పునరుద్ధరించారు. నియమాలు కొద్ది, సూత్రధారి తీర్పు ఎక్కువ. సమాధానం పాత్ర చిట్టాలో ఉండదు, ఆడేవాని బుద్ధిలో ఉండాలి. పాత్ర చనిపోవచ్చు, చనిపోతే కథ దానిని కాపాడదు. పులికి ఎదురుగా ఒంటరిగా పెట్టిన మేకను ఎవరు కాపాడతారు? పాత బాణీవారి పట్టుదల కూడ అదే.

బొమ్మల సంగతి వస్తే, యుద్ధక్రీడలలో 28 మిల్లీమీటర్ల ఎత్తు బొమ్మ వాడుకలో ఉన్నది. అంటే మనిషి ఎత్తులో సుమారు 60వ వంతు. వాటిని కొని, రంగులు వేసి, సేన కట్టటం ఖర్చుతో కూడిన పని. కాని బొమ్మలకొలువు పెట్టే ఇంటికి చిన్నబొమ్మలతో పెద్ద లోకాన్ని కట్టటం కొత్త విద్య కాదు. కొండపల్లి ఏనుగుకు సేనలో చోటివ్వవచ్చు. పళ్లెంలో ఇసుక పోసి గండికోటను మలచండి. పెన్న కొండను కోసిన లోయ ఒకవైపు, కోట గోడ ఒకవైపు. 1650 ప్రాంతంలో గోలకొండ సేనాని మీర్ జుమ్లా ఈ కోటను పెమ్మసానివారినుండి పట్టుకొన్నాడు. కోట పడినదని చరిత్ర ఒక్క వాక్యంలో చెబుతుంది. ఫిరంగులను ఆ ఎత్తుకు ఎట్లు చేర్చాలి, లోపలివారికి నీరు ఎన్నాళ్లు వస్తుంది, ఏ ద్వారం విడిచి ఏ ద్వారం కాయాలి అన్న ప్రశ్నలు ఇసుక పళ్లెం ముందు కూర్చున్నవానికి పుడతాయి. కోట లోపలి పక్షం వహించినవానికి ఒక విధంగా, వెలుపలివానికి మరొక విధంగా పుడతాయి.

ఆటల పేరిట పిల్లలకు యుద్ధాన్ని నేర్పటం మంచిదా అని పెద్దలు అడుగవచ్చు. అది సబబైన ప్రశ్న. కడప, కర్నూలు సీమలలో కక్షలు ఎన్ని ఇండ్ల దీపాలార్పినవో శ్రోతలకు నేను చెప్పనవసరం లేదు. ఆట ఆ కక్షలను మాన్పగలదని నేననను. అంత బరువు చింతగింజలమీద మోపరాదు. కాని కక్ష ఎట్లు బ్రతుకుతుందో ఆలోచించండి. మనకు కారణమున్నది, ఎదుటివానికి లేదు అన్న నమ్మకంమీద అది బ్రతుకుతుంది. ఈ ఆటలలో అటువంటి నమ్మకానికి చోటు దొరకటం కష్టం. నిన్న కోటను కాచినవాడు నేడు ముట్టడిస్తాడు. తన ఇంట్లో మాట వినని కుర్రవాడు ఆటలో ఊరిపెద్దయి, తన మాట వినని వారితో వేగుతాడు. ఎదుటివాని పేరు చెప్పి “నేను” అని పలుకవలసి వస్తుంది. పైగా తనకు నచ్చని తీర్పును మధ్యస్థుడు చెప్పినప్పుడు, దానిని అంగీకరించి మరునాడు మళ్లీ అదే బల్ల దగ్గరకు రావటం అలవడుతుంది. ఓటమినుండి లేచి ఇంటికి క్షేమంగా పోవటం చిన్న విద్య కాదు.

హైదరాబాదు, బెంగుళూరు వంటి నగరాలలో ఈ ఆటలు ఆడే యువకులున్నారు. అక్కడ ఆట ఎక్కువగా ఆంగ్లంలో సాగుతుంది. కాని ఇది మాటలతో ఆడే ఆట. ఎవరి మాటలలో వారు ఆడుకొంటేనే దాని రుచి. తెలుగులో ఆడటానికి అడ్డమేమీ లేదు.

మా తాతగారి ఇల్లు తిరిగి కట్టినప్పుడు అరుగు పోయినది. ఆ బండ ఇప్పుడు పెరటిలో గాబు ప్రక్కన ఉన్నది. గీతలు అరిగినా, తడిసినప్పుడు కనిపిస్తాయి. మీ ఇంట అటువంటి బండ ఉంటే సరే. లేకపోతే సుద్దముక్క చాలు. ఒక సాయంకాలం నాటకం ముగిసి రేడియో కట్టివేసిన తరువాత, నేలమీద ఆ త్రికోణం గీయండి. మూడు గులకరాళ్లు, పదిహేను చింతగింజలు తెప్పించండి. ఒకసారి ఆడి లేవకండి. ప్రక్కలు మార్చుకొని రెండవసారి ఆడండి. పిల్లలు పులులే కావాలని అలిగితే అలగనివ్వండి. మూడవనాడు వారిలో ఒకరిని సూత్రధారిగా కూర్చుండబెట్టి, పాపఘ్ని ఒడ్డున ప్రొద్దు క్రుంకుతున్నదని చెప్పమనండి.