చూపు రోడ్డు మీద... మనసు ఊళ్లో

డాలస్‌లో వేసవి ఉదయం 8 గంటలంటే మన ఊళ్లో సాయంత్రం ఆరున్నర. అమ్మానాన్నలు టీ తాగి, వరండాలో కూర్చుని మన ఫోన్ కోసం చూసే వేళ. ఇక్కడ మనం పిల్లల్ని బడిలో దింపి ఆఫీసుకు బయలుదేరే వేళా అదే. సాయంత్రం ఆరింటికి మనం ఇల్లు చేరేసరికి అక్కడ తెల్లవారుజాము నాలుగున్నర, వాళ్లు మంచి నిద్రలో ఉంటారు. అందుకే ఇక్కడి చాలా తెలుగు కుటుంబాల్లో ఇంటికి ఫోన్ చేసే చోటు కారే అయింది. హైదరాబాద్ టీమ్‌తో రోజూ జరిగే మీటింగ్ కూడా సరిగ్గా ఆ వేళకే పడుతుంది.

ఫోన్ చేతిలో ఉండదు, మాటలు కారు స్పీకర్‌లో వినిపిస్తాయి. రెండు చేతులూ స్టీరింగ్ మీదే, కళ్లు రోడ్డు మీదే. ఇక భయమేముంది అనుకుంటాం. చట్టం కూడా దాదాపు అదే అంటోంది. టెక్సాస్‌లో 2017 సెప్టెంబరు 1 నుంచి బండి నడుపుతూ మెసేజ్‌లు చదవడం, రాయడం, పంపడం నేరం. స్పీకర్‌లో మాట్లాడటానికి మాత్రం పెద్దవాళ్లకు అడ్డు లేదు. 18 ఏళ్లు నిండనివారు అత్యవసరమైతే తప్ప ఫోన్ వాడకూడదు, హ్యాండ్స్‌ఫ్రీ అయినా సరే.

మా అమ్మాయికి లెర్నర్ లైసెన్స్ వచ్చినప్పుడు ఈ నిబంధన చదివి ఒక ప్రశ్న వేసింది. "పద్దెనిమిది నిండిన రోజు మెదడు మారిపోతుందా నాన్నా?" జవాబు కోసం వెతకడం మొదలుపెట్టాను. దొరికిన సంగతులు ప్రతి తెలుగు ఇంట్లో మాట్లాడుకోదగ్గవి అనిపించింది.

కళ్లు చూస్తాయి, మెదడు చూడదు

1999లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో డేనియల్ సైమన్స్, క్రిస్టఫర్ ఛాబ్రిస్ చేసిన ప్రయోగం చాలామంది వినే ఉంటారు. కొందరు తెల్ల చొక్కాల్లో, కొందరు నల్ల చొక్కాల్లో బంతులు విసురుకుంటున్న వీడియో చూపించారు. తెల్ల చొక్కాలవాళ్లు ఎన్నిసార్లు బంతి అందించుకున్నారో లెక్కపెట్టమన్నారు. మధ్యలో గొరిల్లా వేషం వేసుకున్న మనిషి నడుచుకుంటూ వచ్చి, గుండెలు బాదుకుని వెళ్లిపోయాడు. చూసినవాళ్లలో దాదాపు సగం మందికి గొరిల్లా కనిపించనే లేదు.

వాళ్లకు ఆ పని కొత్త కాబట్టి అలా జరిగిందనుకోవచ్చు. కానీ 2013లో బోస్టన్ పరిశోధకులు ఊపిరితిత్తుల సీటీ స్కాన్‌లలో చిన్న గొరిల్లా బొమ్మ ఇరికించి, క్యాన్సర్ గడ్డలు వెతకమని 24 మంది రేడియాలజిస్టులకు ఇచ్చారు. ఆ బొమ్మ మామూలు గడ్డకంటే 48 రెట్లు పెద్దది. అయినా 20 మంది దాన్ని గమనించలేదు. వాళ్ల కంటి కదలికలు రికార్డు చేసి చూస్తే, గమనించని వారిలో ఎక్కువమంది చూపు నేరుగా ఆ బొమ్మ మీదే పడింది.

అంటే చూపు పడటం వేరు, చూడటం వేరు. కంటి నుంచి వచ్చేదంతా మెదడు పట్టించుకోలేదు. అప్పటికి ఏ పని మీద ఉందో దానికి కావలసింది తీసుకుని, తక్కినది వదిలేస్తుంది. చేతిలో పని భారం పెరిగేకొద్దీ వదిలేసేది పెరుగుతుంది. దీన్నే మనవాళ్లు పరధ్యానం అన్నారు.

చేతులు ఖాళీ, మెదడు ఖాళీ కాదు

ఇదే సంగతిని రోడ్డు మీదికి తెచ్చినవారు యూటా విశ్వవిద్యాలయంలో డేవిడ్ స్ట్రేయర్ బృందం. డ్రైవింగ్‌ను పోలిన పరీక్ష పెట్టి 2001లో వారు ప్రకటించిన ఫలితం ఇది: ఫోన్‌లో మాట్లాడేవారు ఎర్ర సిగ్నల్ గమనించకుండా పోవడం రెట్టింపుకు పైగా పెరిగింది. ఫోన్ చేత్తో పట్టుకున్నా, హ్యాండ్స్‌ఫ్రీ అయినా తేడా లేదు. ఆశ్చర్యమేమిటంటే, రేడియో వింటున్నవారిలో ఈ లోపం కనిపించలేదు. రేడియో మనల్ని జవాబు అడగదు. రెండు వాక్యాలు జారిపోయినా నొచ్చుకోదు. ఫోన్‌లో ఉన్న మనిషికి మాత్రం వెంటవెంటనే ఆలోచించి బదులు చెప్పాలి.

కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో 2008లో 29 మంది చేత ఎంఆర్ఐ స్కానర్‌లో పడుకోబెట్టి కంప్యూటర్ కారు నడిపించారు. నడుపుతుండగా వాక్యాలు వినిపించి, ఒప్పో తప్పో చెప్పమన్నారు. ఫోన్ పట్టుకోలేదు, నోరు తెరవలేదు. అయినా డ్రైవింగ్‌కు అవసరమైన, స్థలాన్ని దూరాన్ని అంచనా వేసే మెదడు భాగంలో చురుకుదనం 37 శాతం తగ్గింది. కారు దారి తప్పడమూ పెరిగింది.

మా వృత్తిలో ఒక మాట ఉంది, కాంటెక్స్ట్ స్విచ్ అని. ప్రాసెసర్ ఒక పని ఆపి ఇంకో పనికి వెళ్లేముందు ఎక్కడిదాకా వచ్చిందో అంతా భద్రంగా రాసుకుంటుంది, తిరిగొచ్చాక సరిగ్గా అక్కడే మొదలుపెడుతుంది. మనిషి మెదడుకు ఆ సౌకర్యం లేదు. కారులోని వాయిస్ కమాండ్ వ్యవస్థలను 2015లో అమెరికా ఆటోమొబైల్ సంఘం కోసం స్ట్రేయర్ బృందమే పరీక్షించినప్పుడు, కొన్ని వ్యవస్థలతో పని ముగించాక కూడా ధ్యాస పూర్తిగా రోడ్డు మీదికి రావడానికి 27 సెకన్ల వరకు పట్టింది. గంటకు 25 మైళ్ల వేగంలో 27 సెకన్లంటే 300 మీటర్లు. బడి ముందున్న వీధి అంతకంటే చిన్నది.

ఇంటి కబుర్లలో బొమ్మలుంటాయి

అన్ని మాటలూ ఒకే బరువు కావు. స్పెయిన్‌లో రెకార్తె, నూనెస్ అనే పరిశోధకులు నిజమైన రోడ్లమీద నడిపేవారి కళ్ల కదలికలు కొలిచి 2000లో ఫలితాలు ప్రకటించారు. మనసులో బొమ్మ ఊహించుకోవలసిన ప్రశ్నలు వేసినప్పుడు డ్రైవర్ల చూపు ఒకేచోట ఎక్కువసేపు నిలిచిపోయింది, చూసే మేర కుంచించుకుపోయింది, అద్దాలు, స్పీడోమీటర్ చూడటం తగ్గింది. రోడ్డును చూడటానికి, మనసులో బొమ్మ గీయడానికి మెదడు చాలావరకు ఒకే వనరు వాడుకోవడమే ఇందుకు కారణం.

ఇప్పుడు ఇంటి నుంచి వచ్చే ప్రశ్నలు గుర్తుచేసుకోండి. "ఆ పట్టా కాగితాలు ఏ బీరువాలో పెట్టావు?" "వెనకవైపు గోడ చెమ్మెక్కింది, ఎక్కడిదాకా పగలగొట్టమంటావు?" "నాన్న మోకాలు ఇంకా వాచే ఉందిరా." జవాబు చెప్పాలంటే ఆ బీరువా తెరవాలి, ఆ గోడ చూడాలి, నాన్న మంచం పక్కన నిలబడాలి. ఎదుట 70 మైళ్ల వేగంతో హైవే, కళ్లలో ఊరి ఇల్లు. ఆఫీసు మీటింగూ అంతే. ఎక్కడ తెగిందో తెలియని కోడ్ గురించి మాట్లాడుతున్నవాడి కళ్లముందు స్క్రీన్ ఉంటుంది, ముందు కారు బ్రేక్ లైటు కాదు.

మరి పక్క సీట్లో కూర్చున్నవారితో మాట్లాడమా? అది వేరు. యూటా బృందమే 2008లో పోల్చి చూసింది. హైవే దిగాల్సిన చోట ఫోన్‌లో ఉన్నవారిలో సగం మంది దిగకుండా ముందుకు పోయారు. పక్కన స్నేహితుడు ఉన్నవారిలో ఎక్కువమంది సరిగ్గా దిగారు. పక్క సీటు మనిషి కూడా రోడ్డు చూస్తాడు, లారీ దగ్గరికొస్తే మాట ఆపుతాడు, "ఇక్కడే దిగాలి" అంటాడు. తెనాలిలో ఉన్న అమ్మకు మన ముందున్న లారీ కనబడదు.

మనది అవధానాల జాతి కదా!

ఈ మాట చెబితే మిత్రులు నవ్వి, ఎనిమిది పనులు ఒకేసారి చేసే అవధానం పుట్టింది మన భాషలోనే కదా అంటారు. అవధానాన్ని శ్రద్ధగా చూస్తే అది చెప్పేది మరోటి. అవధాని ఎనిమిది మందికీ ఒకేసారి జవాబు చెప్పరు. సమస్య, దత్తపది, నిషిద్ధాక్షరి, వర్ణన అంటూ ఒక్కో పృచ్ఛకుడి దగ్గర ఆగి, ఒక్కో పాదం చెప్పి, ముందుకు సాగుతారు. అంతా వంతులవారీ పని. ఛందస్సు ఊతం, ఏళ్ల తరబడి సాధన ఉన్నవారికే అది సాధ్యం. పైగా ఏకాగ్రత చెదరగొట్టడానికే అప్రస్తుత ప్రసంగి అని ఒక మనిషిని కూర్చోబెడతారు. సంబంధం లేని కబుర్లే ధ్యాసకు పెద్ద పరీక్ష అని మన పెద్దలకు తెలుసు. వేదిక మీద పాదం తడబడితే మళ్లీ అందుకోవచ్చు. రోడ్డు మీద ఆ వీలు లేదు. అమెరికాలో డ్రైవర్ల పరధ్యానం వల్ల ఏటా 3 వేల మందికి పైగా చనిపోతున్నారు.

రెండు పనులూ నిజంగా దెబ్బతినకుండా చేయగలవారు అసలు లేరా? 2010లో యూటాలో 200 మందిని పరీక్షిస్తే 2.5 శాతం మంది తేలారు. అంటే ఐదుగురు. మనం ఆ ఐదుగురిలో ఒకరం అనుకుని స్టీరింగ్ పట్టుకోవడం తెలివైన పందెం కాదు.

ఇంట్లో చేసుకోదగ్గ మార్పులు

మా ఇంట్లో ఫోన్ వేళ మార్చాం. పావుగంట ముందు బయలుదేరి, ఆఫీసు పార్కింగ్‌లో బండి ఆపి మాట్లాడతాను. శుక్రవారం రాత్రి తొమ్మిదింటికి పిల్లలతో సహా వీడియో కాల్, అప్పుడు అక్కడ శనివారం ఉదయం ఏడున్నర.

ఊళ్లోని పెద్దవాళ్లకు ఒక్క మాట నేర్పండి. ఫోన్ ఎత్తగానే "బండిలో ఉన్నావా?" అని అడిగి, అవునంటే పెట్టేయమనండి. ఆసుపత్రి, ఆస్తి, డబ్బు, పెళ్లి సంబంధాల కబురు బండి ఆపాకే. ఫోన్‌లో డ్రైవింగ్ మోడ్ పెడితే, నడుపుతున్నామనే జవాబు తనంతట తానే వెళుతుంది. మ్యాప్ బయలుదేరేముందే పెట్టుకోండి. మీటింగ్ అరగంట జరపమని టీమ్‌ను అడగండి, కారణం చెబితే కాదనేవారు తక్కువ. అన్నిటికంటే, పదిహేనేళ్ల పిల్లలు డ్రైవింగ్ నేర్చుకునేది శిక్షకుడి దగ్గరకంటే ముందు మన వెనక సీట్లో కూర్చునే.

ఈ మార్పు చెప్పినప్పుడు మా అమ్మ మొదట చిన్నబుచ్చుకుంది. "బండి దిగాక నువ్వెక్కడ దొరుకుతావురా?" అంది. ఆ భయంలో నిజముంది. దూరాన ఉన్న పిల్లల గొంతు వాళ్లకు రోజులో పెద్ద సంగతి. ఇప్పుడు మా మాటలు నలభై నిమిషాలు కాదు, పన్నెండు నిమిషాలే. కానీ ఊఁ కొట్టడం లేదు. మోకాలి నొప్పి ఏ కాలికో మళ్లీ అడగనవసరం లేదు. సగం ధ్యాసతో నడిపితే రోడ్డుకు ఎంత అన్యాయమో, సగం ధ్యాసతో వింటే అమ్మకూ అంతే.