ట్యాంకులో పెట్రోల్ ఉంది, కార్బరేటర్‌కి అందట్లేదు!

వెంగళరావు నగర్ నుంచి యూసుఫ్‌గూడ, కృష్ణానగర్ మీదుగా ఫిల్మ్‌నగర్ వైపు వెళ్తుంటే అప్పుడప్పుడు ఒక ప్రీమియర్ పద్మినో, గుండ్రటి లైట్ల అంబాసిడరో కనిపిస్తుంది. అరవైల్లో, డెబ్బైల్లో జరిగే కథ తీయాలంటే సినిమా వాళ్లకి ఆ బళ్లే కావాలి. యజమానికి అది జ్ఞాపకమే కాదు, రోజు అద్దె తెచ్చే బండి కూడా. షాట్ మధ్యలో అది ఆగిపోతే యూనిట్ మొత్తం నిలబడాలి. ఇంకోసారి ఆ బండిని పిలుస్తారో లేదో కూడా అనుమానమే.

ఇలాంటి బళ్లలో ఈ మధ్య తరచుగా వినిపించే కంప్లైంట్ ఒకటుంది. "కొత్త ఫిల్టర్ వేయించా, ఎలక్ట్రిక్ పంప్ పెట్టించా, ప్రెజర్ రెగ్యులేటర్ కూడా బిగించా. అయినా బండి ముందుకన్నా అధ్వాన్నంగా ఉంది." విడిభాగాలన్నీ కొత్తవే, జబ్బు కూడా కొత్తదే! మన సీఎస్ఈ భాషలో చెప్పాలంటే, పనిచేస్తున్న కోడ్‌లో మూడు లైబ్రరీలు ఒకేసారి మార్చి, ఇప్పుడు ఏది విరిగిందో తెలియక కూర్చోవడం. కాబట్టి దీన్ని డీబగ్గింగ్‌లాగే చేద్దాం. ఒక్క తేడా మాత్రం గుర్తుపెట్టుకోండి. మన ప్రోగ్రామ్ క్రాష్ అయితే స్క్రీన్ మీద ఎర్ర అక్షరాలు వస్తాయి. ఇక్కడ పొరపాటు జరిగితే మంటలొస్తాయి.

పెట్రోల్ నడిచే దారి

ఇప్పటి కార్లలో ఫ్యూయెల్ ఇంజెక్షన్, సెన్సర్లు, ఈసీయూ ఉంటాయి. మారుతి 800 కూడా 1983లో కార్బరేటర్‌తోనే వచ్చింది, 2000 ప్రాంతంలో ఇంజెక్షన్‌కి మారింది. అంతకుముందు బళ్లలో కంప్యూటర్ ఊసే లేదు.

వెనక ట్యాంకు నుంచి సన్నటి పైపు ముందుకొస్తుంది. ఇంజిన్ పక్కన ఒక పంప్ ఉంటుంది, మన మెకానిక్‌లు దాన్ని 'ఏసీ పంప్' అంటారు. దానికీ చల్లదనానికీ ఏ సంబంధం లేదు! ఇంజిన్ లోపలి కామ్‌షాఫ్ట్ ఒక లివర్‌ని కదిలిస్తుంది. లివర్ ఒక రబ్బరు పొరని కిందకి లాగితే పెట్రోల్ లోపలికొస్తుంది. ఆ పొరని తిరిగి పైకి తోసేది స్ప్రింగ్. ఆ తోపుకే పెట్రోల్ కార్బరేటర్‌కి వెళ్తుంది. అక్కడ ఫ్లోట్ గిన్నె అనే చిన్న తొట్టి ఉంటుంది. గిన్నె నిండేకొద్దీ ఫ్లోట్ పైకి తేలి, నీడిల్‌ని రంధ్రంలోకి నొక్కి దారి మూసేస్తుంది. మన ఇంటి పైన వాటర్ ట్యాంకులో ఫ్లోట్ వాల్వ్ చేసే పనే ఇది.

ఇందులో గమనించాల్సిన అందం ఒకటుంది. నీడిల్ మూసుకున్నాక రబ్బరు పొర కిందే ఉండిపోతుంది, లివర్ ఊరికే ఆడుతూ ఉంటుంది. అంటే ఒత్తిడి ఆ స్ప్రింగ్ బలాన్ని దాటి పెరగదు. కంపెనీ వాడు రెగ్యులేటర్‌ని పంప్ లోపలే, ఒక స్ప్రింగ్ రూపంలో పెట్టేశాడన్నమాట.

లెక్కలు చిన్నవే

ఏసీ పంప్ ఇచ్చే ఒత్తిడి సాధారణంగా 2 నుంచి 4 పి.ఎస్.ఐ. మధ్య ఉంటుంది. కారు టైర్‌లో గాలి 30 దగ్గర ఉంటుంది కాబట్టి ఇది ఎంత తక్కువో ఊహించుకోండి. ఇంజెక్షన్ కారు పంప్ 40 దాటి ఇస్తుంది. దాన్ని తెచ్చి కార్బరేటర్ బండికి పెడితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

నీడిల్ కూర్చునే రంధ్రం వ్యాసం 1.5 మిల్లీమీటర్లు అనుకుందాం. వైశాల్యం సుమారు 1.77 చదరపు మిల్లీమీటర్లు. 3 పి.ఎస్.ఐ. దగ్గర దాని మీద పడే తోపు దాదాపు 3.7 గ్రాముల బరువంత. 6 పి.ఎస్.ఐ. అయితే 7.4 గ్రాములు. వినడానికి చిన్న అంకెలే. కానీ దానికి ఎదురు నిలబడాల్సింది గాలితో నిండిన ఒక చిన్న ఫ్లోట్. తోపు రెట్టింపైతే ఫ్లోట్ ఇంకా లోతుగా మునిగితే తప్ప నీడిల్ మూసుకోదు. అంటే గిన్నెలో మట్టం పెరుగుతుంది, ఇంకా పెరిగితే పొంగుతుంది.

ఇప్పుడు ఇంకో లెక్క. లీటరుకి 15 కిలోమీటర్లు ఇచ్చే బండి గంటకి 60 వేగంతో వెళ్తే గంటకి 4 లీటర్లు తాగుతుంది. నిమిషానికి 67 మిల్లీలీటర్లు. గిన్నెలో 40 మిల్లీలీటర్లు ఉన్నాయనుకుంటే అవి 36 సెకన్లు వస్తాయి, అంటే 600 మీటర్లు. అందుకే ఫిల్టర్ మూసుకుపోయిన బండి కూడా షెడ్డులో చక్కగా స్టార్ట్ అవుతుంది, చక్కగా ఐడ్లింగ్ అవుతుంది. మెయిన్ రోడ్డెక్కి కాస్త దూరం వెళ్లాక ఉక్కిరిబిక్కిరై ఆగుతుంది. రెండు నిమిషాలు ఆగితే గిన్నె మళ్లీ నిండుతుంది, బండి మళ్లీ కదులుతుంది. ఫ్లోట్ గిన్నె అంటే మనకి తెలిసిన బఫరే.

తక్కువా, ఎక్కువా?

ముందు జబ్బు ఏ వైపు ఉందో తేల్చుకోవాలి. పెట్రోల్ తక్కువైతే ఐడ్లింగ్ బాగుంటుంది, లోడ్ పడితే జర్కులిస్తుంది, ఎత్తు ఎక్కేటప్పుడు పికప్ పోతుంది. ఎక్కువైతే నల్ల పొగ, తడిసిన నల్లటి ప్లగ్గులు, బోనెట్ తెరవగానే గుప్పుమనే వాసన. వేడి మీద ఆపి మళ్లీ సెల్ఫ్ కొడితే ఎంతకీ అందుకోదు. మొదటి రకానికి ఎక్కువగా ఫిల్టర్‌ని అనుమానించాలి, రెండో రకానికి రెగ్యులేటర్‌నీ నీడిల్‌నీ.

ఫిల్టర్ చేసే అల్లరి

ఫిల్టర్ మీద బాణం గుర్తు ఉంటుంది, అది కార్బరేటర్ వైపు చూడాలి. ఇది తిరగబడి ఉండటం మనం అనుకునే దానికన్నా మామూలు విషయం.

రెండోది, ఫిల్టర్ ఏ వైపు ఉందన్నది. ఏసీ పంప్ తోయడంలో కన్నా లాగడంలో బలహీనం. పంప్‌కి ముందు బాగా సన్నటి కాగితం ఫిల్టర్ పెడితే అది పీల్చలేక అలిసిపోతుంది. ముందు వైపు తుప్పు రేకులు ఆపే మోటు జల్లెడ చాలు. సన్నటిది పంప్‌కీ కార్బరేటర్‌కీ మధ్య ఉండాలి.

మూడోది గాలి. పంప్ ముందున్న పైపులో క్లిప్పు వదులైతే పెట్రోల్ బయటికి కారకపోవచ్చు, గాలి మాత్రం లోపలికి వస్తుంది. కింద చుక్క తడి కనపడదు, బండి మాత్రం దగ్గుతుంది. అలాగని పారదర్శకంగా ఉండే ఫిల్టర్ సగమే నిండి కనిపిస్తే కంగారు పడకండి, అది మామూలే. ఆగకుండా బుడగలు వస్తూనే ఉంటే అప్పుడు ఆలోచించాలి.

నాలుగోది, చూడటానికి అందంగా ఉండే గాజు ఫిల్టర్. రెండు వైపులా రబ్బరు రింగులు, మధ్యలో గాజు గొట్టం. వేడికీ అదురుకీ ఆ రింగులు గట్టిపడితే కారడం మొదలవుతుంది. కింద ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ ఎర్రగా కాగుతుంటే దాని పైన ఇది వేలాడకూడదు. రీల్స్‌లో బాగుంటుంది, రోడ్డు మీద కాదు.

ఇక ఇథనాల్ సంగతి. 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోల్ 2023 ఫిబ్రవరిలో కొన్ని బంకుల్లో మొదలైంది, 2025కి అదే మామూలు పెట్రోల్ అయిపోయింది. పాత ట్యాంకుల్లో ఏళ్ల తరబడి అంటుకున్న మడ్డిని ఇథనాల్ కరిగించి ముందుకు తెస్తుంది. అందుకే కొత్త ఫిల్టర్ కొద్ది రోజుల్లోనే మళ్లీ మూసుకుపోవచ్చు. అది ఫిల్టర్ తప్పు కాదు, దాని డ్యూటీ అది చేసింది. ట్యాంకు దించి కడిగించకుండా ఫిల్టర్లు మారుస్తూ పోతే డబ్బు దండగ. ఇథనాల్ పాత రకం రబ్బరు పైపుల్ని కూడా ఉబ్బిస్తుంది, పగిలేలా చేస్తుంది. దాన్ని తట్టుకునే పైపులు అడిగి తీసుకోవాలి. పైగా ఇథనాల్‌కి గాలి తక్కువ సరిపోతుంది కాబట్టి పాత జెట్లతో మిశ్రమం కాస్త పలచబడుతుంది. ఆ తేడా వల్ల వచ్చే మందకొడితనాన్ని ఫిల్టర్ మీదకి నెట్టకండి.

రెగ్యులేటర్ చేసే అల్లరి

మొదటి సూత్రం: రెగ్యులేటర్ ఒత్తిడిని తగ్గించగలదు, పెంచలేదు. పంప్ 2 ఇస్తుంటే డయల్‌ని 4 మీద పెట్టినా 2 మాత్రమే వస్తుంది.

రెండోది, చవక రెగ్యులేటర్ల డయల్ మీది అంకెలు ఉజ్జాయింపు మాత్రమే. నమ్మాల్సింది రెగ్యులేటర్ తర్వాత, కార్బరేటర్‌కి ముందు పెట్టిన గేజ్‌ని. అది కూడా 0 నుంచి 15 వరకు ఉండే చిన్న గేజ్ అయ్యుండాలి. 100 వరకు ఉన్న గేజ్‌లో 3కీ 5కీ తేడా కంటికి తెలియదు.

మూడోది, లోపలి వాల్వ్ కింద ఒక్క నలక ఇరుక్కుంటే చాలు. ఇంజిన్ నడుస్తుంటే అంకె బాగానే ఉంటుంది. పెట్రోల్ వాడకం ఆగగానే ముల్లు మెల్లగా పైకి పాకుతుంది. అందుకే ఫిల్టర్ ఎప్పుడూ రెగ్యులేటర్‌కి ముందే ఉండాలి.

నాలుగోది మన ఎండలకి సంబంధించింది. పెట్రోల్‌లోని తేలిక భాగాలు 40 డిగ్రీల దగ్గరే ఆవిరవడం మొదలుపెడతాయి. షూటింగ్‌లో బండి ఇంజిన్ ఆన్‌లో నిలబడి ఉంటుంది, పది మీటర్లు కదులుతుంది, మళ్లీ నిలబడుతుంది. బోనెట్ కింద గాలి ఆడదు. పంప్ ముందు ఆవిరి చేరితే పెట్రోల్ రాదు. పాత డ్రైవర్లు ఏసీ పంప్ మీద తడి గుడ్డ వేసేది ఇందుకే. రెగ్యులేటర్ తర్వాత ఇరుక్కున్న పెట్రోల్ వేడెక్కితే మాత్రం ఒత్తిడి పెరిగి నీడిల్‌ని తోసేస్తుంది, ఇంజిన్ ఆపాక గిన్నె పొంగుతుంది. మిగులు పెట్రోల్‌ని ట్యాంకుకి తిప్పి పంపే రిటర్న్ పైపు ఉంటే ఈ రెండు బాధలూ తగ్గుతాయి. మారుతి 800 లాంటి బళ్లలో అది ముందే ఉంది. కొత్త ఫిల్టర్ వేసేటప్పుడు దాన్ని మూసేయమని ఎవరైనా అంటే ఒప్పుకోకండి.

వరసగా వెతుకుదాం

ఇంజిన్ పూర్తిగా చల్లారాలి. పైపు విప్పేటప్పుడు బ్యాటరీ నెగెటివ్ తీసేయాలి. సిగరెట్, దీపం, గ్రైండర్ ఏవీ దగ్గర ఉండకూడదు. పక్కన మంటలార్పే సిలిండర్ ఉండాలి, తెలిసిన మెకానిక్ కూడా ఉండాలి. పెట్రోల్ పట్టడానికి మూతున్న లోహపు డబ్బా వాడండి.

ముందు ట్యాంకు మూత వదులు చేసి నడిపి చూడండి. జబ్బు పోతే మూతలో గాలి రంధ్రం మూసుకుందని అర్థం, ఖర్చు సున్నా. తర్వాత ఆయిల్ డిప్‌స్టిక్ తీసి వాసన చూడండి. పెట్రోల్ వాసన వస్తే ఏసీ పంప్ రబ్బరు పొర చిరిగిందేమో చూడాలి. ఆ ఆయిల్‌తో బండి నడపకూడదు.

ఇప్పుడు బైనరీ సెర్చ్. కాయిల్‌కి వెళ్లే వైరు తీసేసి స్పార్క్ రాకుండా చేయాలి. పంప్ అవుట్‌లెట్ నుంచి పొడవాటి పైపుతో డబ్బాలోకి పట్టి 15 సెకన్లు సెల్ఫ్ కొట్టించండి. ఎంత వచ్చిందో కొలవండి. అదే కొలత ఫిల్టర్ తర్వాత, మళ్లీ రెగ్యులేటర్ తర్వాత. ఎక్కడ అంకె ఒక్కసారిగా పడిపోయిందో దొంగ అక్కడున్నాడు. పంప్ దగ్గరే ధార బలహీనంగా ఉంటే వెనక్కి, ట్యాంకు వైపు వెళ్లాలి.

పారడం బాగానే ఉంటే పైపులన్నీ తిరిగి బిగించి, గేజ్ పెట్టి ఇంజిన్ నడపండి. ఐడ్లింగ్‌లో, రేస్ చేసినప్పుడు, ఆపిన పది నిమిషాల తర్వాత చూసి మూడు అంకెలూ రాసుకోండి. ఒత్తిడి 3 దగ్గరే ఉన్నా గిన్నె పొంగుతుంటే రెగ్యులేటర్‌ని వదిలేయండి. నీడిల్ అరిగింది, లేదా ఫ్లోట్‌కి చిల్లు పడి పెట్రోల్ నిండింది. ఫ్లోట్‌ని చెవి దగ్గర ఊపితే లోపల చప్పుడు వినిపిస్తుంది.

ఏం చేసినా ఒకేసారి ఒక్కటే మార్చండి. పాత భాగాన్ని పారేయకండి.

చివరగా ఒక మాట

ఏసీ పంప్ ఇంజిన్ ఆగితే ఆగుతుంది. ఎలక్ట్రిక్ పంప్ అలా కాదు. యాక్సిడెంట్‌లో పైపు తెగినా ఇగ్నిషన్ ఆన్‌లో ఉంటే పెట్రోల్ తోస్తూనే ఉంటుంది. అందుకే ఇంజిన్ ఆగగానే దాని కరెంటు కట్ చేసే ఏర్పాటు, ఆయిల్ ప్రెజర్ స్విచ్చో రిలేనో, తప్పనిసరి. అది పెట్టకుండా పంప్ ఒక్కటే బిగించి ఇచ్చే షెడ్డు నుంచి బండి తీసుకురాకండి.

ఇంకో మాట. బండికి ఒరిజినల్ ఏసీ పంప్ ఉండి, అది 3 దగ్గర ఇస్తుంటే దానికి వేరే రెగ్యులేటర్ అక్కర్లేదు. పంప్ లోపలి స్ప్రింగ్ ఆ పని చేస్తూనే ఉంది. రాణిగంజ్‌లో రెగ్యులేటర్ బేరమాడే ముందు పంప్ రిపేర్ కిట్ దొరుకుతుందేమో అడగండి. చాలాసార్లు అసలు మందు అదే.