ఆరు గంటల షిఫ్టుకి అయిదు నిమిషాల టిఫిను!

సినిమాల్లో ఈ సీను మీరు వందసార్లు చూసుంటారు. హీరో టైమైపోయిందంటూ గబగబా మేడ దిగుతాడు. తల్లి టిఫిను ప్లేటుతో వెంటపడుతుంది. "ఆకలిగా లేదమ్మా!" అంటూ తుర్రుమంటాడు. డైరెక్టరు "కట్" అన్నాక ఆ హీరోగారికి ప్రొడక్షన్ వాళ్ళు వేడివేడి ఇడ్లీలు పెడతారు. మరి నిజంగానే ఖాళీ కడుపుతో పరుగెత్తే మీకు "కట్" చెప్పేదెవరు?

'మరో చరిత్ర' (1978) చూసినవాళ్ళకి విశాఖపట్నం అంటే సముద్రం, ప్రేమ! కాని ఈ ఊరికి ఇంకో ముఖం కూడా ఉంది. 1933లో ఓడరేవు తెరిచారు. 1971లో ఇందిరాగాంధీ ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన చేశారు. అలా ఇది షిఫ్టుల ఊరైంది. స్టీల్ ప్లాంటులో 'ఏ' షిఫ్టు ఉదయం 6 గంటలకి. ఆ షిఫ్టు ఉన్న ఇంట్లో తెల్లారకముందే లైటు వెలగాల్సిందే.

ఇప్పుడో చిన్న లెక్క. రాత్రి 9కి భోంచేసి, పొద్దున టీనీళ్ళతో సరిపెట్టి, మధ్యాహ్నం 2కి షిఫ్టు దిగాక అన్నం తింటే మధ్యలో ఎన్ని గంటలు? అక్షరాలా 17! వేడిలో చెమటోడ్చే చోట కళ్ళు తిరిగితే? అక్కడుండేవి అట్టముక్కల సెట్టింగులు కావు, అసలైన యంత్రాలు.

అన్నట్టు, ప్లాంటులోని మూడు బ్లాస్ట్ ఫర్నేసుల పేర్లు తెలుసా? గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ! వెలిగించిన ఫర్నేసుకి ఇనుప ఖనిజం, కోకు, సున్నపురాయి రాత్రీ పగలూ మేపుతూనే ఉండాలి. కొలిమికే అంత మర్యాద జరుగుతుంటే, మీ కడుపు చేసిన పాపమేమిటి?

"టైమేదండీ?" అంటారా? అసలు కిటుకు ఇక్కడే ఉంది. పొద్దుటి టిఫిను పని పొద్దున మొదలెట్టకూడదు, ముందురోజు రాత్రే మొదలెట్టాలి!

పెసరట్టు: పడుకోబోయే ముందు పెసలు నానబోయండి. లేవగానే అల్లం, పచ్చిమిర్చి, జీలకర్ర వేసి రుబ్బి, పెనం మీద పోయడమే. దోసెల పిండిలా పులియాల్సిన పనిలేదు. 100 గ్రాముల పెసల్లో 20 గ్రాములకి పైగా మాంసకృత్తులున్నాయి. నూనె మాత్రం పొదుపు!

చోడి అంబలి: మన ఉత్తరాంధ్ర చోళ్ళే, మిగతావాళ్ళకి రాగులు. పిండిని నీళ్ళలో ఉండలు కట్టకుండా కలిపి రాత్రే ఉడికించి మూత పెట్టండి. పొద్దున మజ్జిగ, ఉప్పు, ఉల్లిపాయ ముక్కలు కలిపితే గ్లాసుడు అంబలి రెడీ. 100 గ్రాముల చోళ్ళలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంది. బియ్యంలో అందులో పదోవంతు కూడా లేదు.

తోడన్నం: రాత్రి మిగిలిన అన్నంలో గోరువెచ్చని పాలు పోసి, చెంచాడు పెరుగు వేసి తోడుపెట్టండి. ఇక తెల్లారి పొయ్యితో పనే లేదు. ఉల్లిపాయ, పచ్చిమిర్చి నంజుకుంటే ఏ స్టార్ హోటల్ టిఫినూ దీనికి సాటిరాదు. వాసన తేడాగా ఉంటే మాత్రం మొహమాటపడక పారబోయండి!

అదీ కుదరలేదా? ఉడకబెట్టిన గుడ్డు, అరటిపండు, గుప్పెడు వేయించిన వేరుశనగపప్పు, చిన్న అనకాపల్లి బెల్లంముక్క. నడుస్తూ కూడా తినెయ్యొచ్చు.

చివరిగా కుర్రకారుకి ఒక్క మాట. మీ షిఫ్టు ఆరింటికైతే, మీకు క్యారేజీ కట్టే అమ్మ షిఫ్టు నాలుగింటికే మొదలు! ఆవిడకి ఓవర్‌టైము లేదు, వీక్లీ ఆఫ్ అంతకన్నా లేదు. అందరికీ పెట్టి, తాను మాత్రం పది దాటాక చల్లారిన కాఫీ తాగే తల్లులు మన ఇళ్ళల్లో తక్కువేం కాదు. పెసలు నానబొయ్యడానికి, అన్నం తోడుపెట్టడానికి ఆడా మగా తేడా ఎందుకు? వందమంది రౌడీలని ఒంటిచేత్తో మట్టికరిపించే హీరోలకి ఈలలు వేస్తారే, మీ పెసరట్టు మీరు తిప్పుకోలేరా?

ఈ రాత్రే గిన్నెడు పెసలు నానబోసి చూడండి. రేపు మొదటి అట్టు అమ్మకి పెట్టండి. ఆవిడ మొహంలో కనిపించే ఎక్స్‌ప్రెషన్ ఏ మహానటీ ఇవ్వలేదు!