కంపెనీ సైటు మూసేస్తే నేర్చుకున్న విద్య ఏమవుతుంది?

మొన్న జుమా నమాజు అయ్యాక మసీదు మెట్లు దిగుతుంటే ఒక చిచ్చా నా చెయ్యి పట్టుకుని ఆపారు. గుంటూరు మిర్చి యార్డులో కమిషన్ కొట్టులో గుమాస్తా ఆయన. "బేటా, నువ్వు వార్తలు రాస్తావు గదా, ఒక మాట చెప్పు. మావాడు కంప్యూటర్ గేములు తయారుచేసే కోర్సులో చేరాడు. అప్పు చేసి ఫీజు కట్టా. వాళ్లిచ్చిన నోట్సులో ఉన్న సైటు తెరిస్తే రావట్లేదంట. కంపెనీవాళ్లు దాన్ని ఎప్పుడో మూసేశారంట. అంటే నా డబ్బులు బూడిదలో పోసిన పన్నీరేనా?" అన్నారు.

నేను బీకాం చదివినవాణ్ని. కోడింగ్ నాకు రాదు. అందుకే ఆ సాయంత్రం వాళ్లింటికి వెళ్లి నోట్సు చూశాను. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న మా భయ్యాకు ఫోన్ చేసి సందేహాలు అడిగాను. ఇలాంటి కోర్సుల్లో పిల్లల్ని చేర్పించిన ఇళ్లు మనలో ఇంకా ఉంటాయి కాబట్టి, తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

అసలు ఆ సైటు దేనికి?

నోట్సులో ఉన్న పేరు ఎక్స్ఎన్ఏ. ఇది మైక్రోసాఫ్ట్ కంపెనీ తయారుచేసిన పనిముట్టు. గేములు తయారుచేయడం పెద్ద స్టూడియోలకే కాదు, ఇంట్లో కూర్చున్న కుర్రాడికి కూడా వీలవ్వాలని దీన్ని తెచ్చారు. 2004లో పేరు ప్రకటించారు. 2006 డిసెంబరులో ఎక్స్ఎన్ఏ గేమ్ స్టూడియో ఎక్స్‌ప్రెస్ పేరుతో మొదటి విడుదల వచ్చింది. కంప్యూటర్ మీద నేర్చుకోవడానికి డబ్బులు కట్టక్కర్లేదు. ఎక్స్‌బాక్స్ 360 అనే ఆటల పెట్టె మీద నడిపించుకోవాలంటే మాత్రం అప్పట్లో ఏడాదికి 99 డాలర్లు కట్టి సభ్యత్వం తీసుకోవాల్సి వచ్చేది.

దీనికి తోడుగా క్రియేటర్స్ క్లబ్ పేరుతో ఒక సైటు నడిపారు. పాఠాలు, నమూనా గేములు, వాటి కోడు, డౌన్‌లోడ్లు అన్నీ అందులోనే. 2008 నవంబరు నుంచి దాని ద్వారానే అమ్మకం కూడా మొదలైంది. ఒకరు గేము తయారుచేస్తే సాటి సభ్యులే దాన్ని పరీక్షించి ఆమోదిస్తేనే దుకాణంలోకి వెళ్లేది. అమ్మితే వచ్చిన డబ్బులో 70 శాతం తయారుచేసినవాడిదే. అలా మూడు వేలకు పైగా చిన్న గేములు బయటికొచ్చాయి.

అంటే ఆ సైటు మూడు పనులు చేసింది. బడి, పరీక్ష హాలు, యార్డు, మూడూ ఒకే చోట. ఈ మాట గుర్తుంచుకోండి. మూసేసినప్పుడు మూడూ పోవడానికి కారణం అదే.

మూత పడింది ఇలా

ఏ రోజో రాత్రికి రాత్రి తాళం వేయలేదు. మెల్లగా, ఒక్కో గది దీపం ఆర్పుకుంటూ పోయారు. 2012 అక్టోబరులో విండోస్ 8 వచ్చింది. దాని కొత్త యాప్ స్టోరులో ఎక్స్ఎన్ఏకు చోటు ఇవ్వలేదు. 2013 మొదట్లో, దీని మీద ఇక కొత్త పని జరగదని కంపెనీ చెప్పేసింది. ఎక్స్ఎన్ఏ నిపుణులకు ఏటా ఇచ్చే గుర్తింపును 2014 ఏప్రిల్ 1తో ఆపేసింది. 2015 సెప్టెంబరులో దుకాణం సంగతి కూడా తేల్చారు. మరో ఏడాది తర్వాత కొత్త గేములు తీసుకోమని, 2017లో దుకాణమే ఎత్తేస్తామని చెప్పారు, అలాగే చేశారు. చివరికి 2024 జులై 29న ఎక్స్‌బాక్స్ 360 మొత్తం ఆన్‌లైన్ దుకాణమే మూతపడింది.

"మన సత్య నాదెళ్ల ఉన్న కంపెనీయే కదా, ఆయన ఆపలేకపోయారా?" అని చిచ్చా అడిగారు. ఆయన సీఈఓ అయింది 2014 ఫిబ్రవరిలో. ఎక్స్ఎన్ఏను పక్కన పెట్టే నిర్ణయం అంతకు ముందే జరిగిపోయింది. పైగా ఇలాంటి వాటిని కంపెనీలు మమకారంతో చూడవు, లెక్కల పుస్తకంతో చూస్తాయి. కొత్త పెట్టె ఎక్స్‌బాక్స్ వన్ 2013లో వచ్చింది. దానికోసం చిన్న డెవలపర్లకు వేరే పథకం పెట్టారు. పాత సైటును నడిపితే ఖర్చు కనిపిస్తుంది, ఆదాయం కనిపించదు. ఏ అకౌంటెంట్ అయినా ఆ పద్దు కింద గీత గీసేస్తాడు.

పంపు ఆడుతుంది, వాషరు దొరకదు

సైటు మూసేస్తే పనిముట్టు పాడైపోతుందా? లేదు. మన పొలం లెక్కలో చెప్తాను. మిరప తోటకు మందు కొట్టడానికి ఒక స్ప్రేయర్ కొన్నారు. రెండేళ్లకు పట్నంబజారులో ఆ కంపెనీ డీలరు కొట్టు ఎత్తేశాడు. మీ స్ప్రేయర్ ఆ రోజే ఆగిపోదు. కానీ వాషరు అరిగిన రోజు తెలుస్తుంది. విడిభాగం లేదు, బాగుచేసే మనిషి లేడు, ఎలా విప్పాలో చెప్పే పుస్తకం లేదు.

ఎక్స్ఎన్ఏ సంగతి కూడా అంతే. పాత కంప్యూటర్లో ఉన్నది ఉన్నట్టు నడుస్తుంది. అయితే అది విజువల్ స్టూడియో 2010 కాలానికి తగినట్టు తయారైంది. ఇప్పటి కొత్త వాటిలో నేరుగా కలవదు. ఇంటర్నెట్‌లో ఎవరో రాసిన పాఠంలో "ఈ ఫైలు ఇక్కడ దించుకోండి" అని ఉంటుంది, నొక్కితే ఏమీ రాదు. మన చిచ్చా కొడుక్కి ఎదురైంది సరిగ్గా ఇదే.

మరి విద్య మొత్తం పోయిందా? పోలేదు. అక్కడే అసలు కథ ఉంది.

మధ్యలో సైటు పోయినా ఆగని మనిషి

అమెరికాలోని సియాటిల్ దగ్గర ఎరిక్ బరోన్ అనే కుర్రాడు 2011లో కంప్యూటర్ సైన్స్ డిగ్రీ పూర్తి చేశాడు. ఉద్యోగం దొరకలేదు. పని నేర్చుకుందామని ఎక్స్ఎన్ఏతో ఒక గేము మొదలుపెట్టాడు. సాయంత్రాలు ఒక థియేటర్లో జనాన్ని సీట్లకు పంపే పని చేసేవాడు. కోడు, బొమ్మలు, సంగీతం అన్నీ తనే. పని మధ్యలో ఉండగానే ఎక్స్ఎన్ఏ మీద ఇక కొత్త పని లేదన్న ప్రకటన వచ్చింది. అతను ఆపలేదు. నాలుగేళ్లకు పైగా కష్టపడి 2016 ఫిబ్రవరిలో విడుదల చేశాడు. దాని పేరు స్టార్‌డ్యూ వ్యాలీ. తాత వదిలేసిన పొలాన్ని బాగుచేసుకునే ఆట అది. అందులో ఎండాకాలం పంటల్లో మిరప కూడా ఉంది. పత్తి మాత్రం లేదు. ఇప్పటికి 4 కోట్లకు పైగా కాపీలు అమ్ముడయ్యాయి. (అందులో మన ఇళ్లకు సరిపడని విషయాలు కొన్ని ఉన్నాయి. పిల్లలతో ఆడించమని చెప్పడం నా ఉద్దేశం కాదు.)

పనిముట్టు మూతపడితే ఆ గేము ఎలా బతికింది? ఎక్స్ఎన్ఏను ఇష్టపడ్డ కొందరు ప్రోగ్రామర్లు, అదే పద్ధతిలో నడిచే మోనోగేమ్ అనే మరో పనిముట్టును సొంతంగా రాసుకున్నారు. దాని కోడు అందరికీ తెరిచే పెట్టారు. ఎవరైనా చూడొచ్చు, బాగుచేయొచ్చు, ఉచితంగా వాడుకోవచ్చు. 2021 చివర్లో స్టార్‌డ్యూ వ్యాలీ కూడా మోనోగేమ్‌కు మారిపోయింది. పాత సైటులోని నమూనా పాఠాలను కూడా కొందరు ముందుజాగ్రత్తగా దించి, గిట్‌హబ్‌లో అందరికీ అందుబాటులో పెట్టారు. కంపెనీ చేతులు దులుపుకున్నా, నేర్చుకున్నవాళ్లు దులుపుకోలేదు.

ఇది ఒక్క పనిముట్టు కథ కాదు

నెట్ సెంటర్లో గంటకింత ఇచ్చి ఆడిన చిన్న చిన్న గేములు గుర్తున్నాయా? వాటిలో చాలావరకు ఫ్లాష్ అనే సాఫ్ట్‌వేర్‌తో తయారైనవే. 2017 జులైలో అడోబ్ కంపెనీ ముందే హెచ్చరించి, 2020 డిసెంబరు 31న ఫ్లాష్‌కు మద్దతు ఆపేసింది. 2021 జనవరి 12 నుంచి ఫ్లాష్ ప్లేయర్‌లో అవి నడవకుండా చేసింది. ఇంటర్నెట్ ఆర్కైవ్ లాంటి సంస్థలు ముందుకొచ్చి వేలాది పాత గేములను మళ్లీ ఆడేలా చేశాయి.

సైటు మూయకుండానే దెబ్బ తగలొచ్చు. ఇప్పుడు కోర్సుల్లో ఎక్కువగా చెప్పే యూనిటీ సంగతి చూడండి. 2023 సెప్టెంబరు 12న, గేము ఒక స్థాయి దాటాక ప్రతి ఇన్‌స్టాలుకూ రుసుము వసూలు చేస్తామంది ఆ కంపెనీ. డెవలపర్లు గొడవ చేశారు. సరిగ్గా ఏడాదికి, 2024 సెప్టెంబరు 12న ఆ రుసుమును రద్దు చేసింది. ఆ ప్రకటన వచ్చినప్పుడు చిన్నవాళ్లు గుండె చేత్తో పట్టుకుని కూర్చున్నారు.

అంత దూరం ఎందుకు, మన పెళ్లి పత్రికలే చూడండి. డీటీపీ షాపులో పాత అను ఫాంటులో కొట్టిన తెలుగు, ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే పిచ్చి ఇంగ్లీషు అక్షరాల్లా కనిపిస్తుంది. పాత ఇన్‌పేజ్‌లో కొట్టిన ఉర్దూను యూనికోడ్‌లోకి మార్చుకోకపోతే వాట్సాప్‌లో పెట్టలేం. రాత మనదే, తాళంచెవి మాత్రం వేరేవాళ్ల దగ్గర ఉండిపోయింది.

ఫీజు కట్టే ముందు ఇవి అడగండి

1. ఏ పనిముట్టు మీద చెప్తారు? దాని కొత్త విడుదల ఎప్పుడు వచ్చింది? ఏళ్ల తరబడి విడుదల లేకపోతే అది ఆగిపోయిన బండి.

2. పనిముట్టు ఒక్కటేనా, భాష కూడా నేర్పిస్తారా? ఎక్స్ఎన్ఏ ఆగిపోయింది గానీ అది వాడిన సీ షార్ప్ భాష బతికే ఉంది. యూనిటీలోనూ, మోనోగేమ్‌లోనూ అదే భాష. ఇంటర్ లెక్కల్లోని వెక్టర్లు, త్రికోణమితి ఏ గేముకైనా కావాలి. అవి ఏ కంపెనీ మూసేసేవి కావు.

3. కోడు అందరికీ తెరిచి ఉన్న పనిముట్టు ఒకటైనా చెప్తారా? మోనోగేమ్ అలాంటిదే. 2014 నుంచి కోడు బయట పెట్టిన గోడో కూడా అలాంటిదే. వీటికి లైసెన్సు రుసుము లేదు.

4. నోట్సులో ఇచ్చిన లింకులు పనిచేస్తున్నాయా? చేరకముందే ఒక పేజీ తీసుకుని, నాలుగు లింకులు ఫోన్లో నొక్కి చూడండి. దీనికి చదువు అక్కర్లేదు.

5. పిల్లాడు చేసిన పని ఎవరి దగ్గర ఉంటుంది? ఇన్‌స్టిట్యూట్ కంప్యూటర్లోనే వదిలేయకూడదు. ఒక కాపీ పెన్‌డ్రైవ్‌లో, ఇంకో కాపీ ఆన్‌లైన్లో ఉండాలి. నమ్ముకున్న పాఠాలను కూడా ఉన్నప్పుడే దించుకోవాలి.

మూతపడ్డ పేజీ కావాల్సి వస్తే ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్‌లో పాత చిరునామా కొట్టి చూడొచ్చు. ఏళ్ల కిందటి పేజీలు చాలా దొరుకుతాయి. అయితే లాగిన్ వెనక ఉన్నవి, పెద్ద డౌన్‌లోడ్లు అందులో ఉంటాయని నమ్మకం పెట్టుకోవద్దు.

చిచ్చాకు చెప్పిన జవాబు

రెండో రోజు సాయంత్రం మా భయ్యా ఫోన్లో చెప్తుంటే కుర్రాడు తన ల్యాప్‌టాప్‌లో మోనోగేమ్ వేసుకున్నాడు. నోట్సు చూసి సగం రాసిన చిన్న గేము ఒకటి ఉంది. దాన్ని అందులోకి మార్చాడు. బొమ్మల ఫైళ్ల దగ్గర కాసేపు తంటాలు పడ్డాడు. కోడులో చాలా భాగం మార్చకుండానే నడిచింది. మోనోగేమ్ రాసినవాళ్లు పాత పేర్లను అలాగే ఉంచారట. ఇప్పటికీ ఆ కోడు మొదటి వరుసల్లో "మైక్రోసాఫ్ట్ ఎక్స్ఎన్ఏ ఫ్రేమ్‌వర్క్" అనే మాటే ఉంటుంది. సైటు పోయినా పేరు మిగిలింది.

"చిచ్చా, డబ్బులు పూర్తిగా పోలేదు" అన్నాను. "మీవాడు నేర్చుకున్న భాష పనికొస్తుంది. కానీ వాళ్లు ఆగిపోయిన పనిముట్టు నోట్సు ఇచ్చారు, అది తప్పే. రేపు మీరిద్దరూ వెళ్లి, మిగిలిన నెలల్లో నడుస్తున్నదాన్ని చెప్పమని అడగండి. మర్యాదగా అడగండి, కానీ అడగండి."

ఆయన కాసేపు ఆలోచించారు. "యార్డులో రైతు సరుకు దింపేటప్పుడు మేం టిక్కీలోంచి గుప్పెడు కాయ తీసి చూస్తాం బేటా. పై కాయ ఒక్కటి చూసి ధర కట్టం. ఫీజు కట్టేటప్పుడు నేను పై కాయే చూశా" అన్నారు. మరుసటి రోజు నోట్సు చేతిలో పెట్టుకుని కొడుకుతో కలిసి ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్లారు.